లీటరుకు రెండు గ్రాములు

కాయలు రాలకుండా ప్రభుత్వం వారు మందు కొట్టించిన మూడో రోజు ఉదయం, తోట తూర్పు సగంలోని నూట ముప్పై నారింజ చెట్లలో ఒక్కదానికైనా ఒక్క కాయ మిగల్లేదని పెద్దకోడలు కనిపెట్టింది.

ముందు కనిపెట్టింది ఆమె కాళ్లు. గేటు తీసి అడుగు పెట్టగానే అరికాలి కింద నిమ్మకాయంత పచ్చికాయ దొర్లింది. రెండో అడుగుకు రెండు దొర్లాయి. మూడో అడుగు వెయ్యడానికి నేల కనిపించలేదు. అప్పుడు తలెత్తి చూసింది. ఆకులు దొన్నెల్లా ముడుచుకుని, లేత కొమ్మలు పిండిన బట్టల్లా మెలితిరిగి, చెట్లు మాత్రం తమకేమీ తెలియనట్టు నిలబడి ఉన్నాయి.

వెనకే మరిది వచ్చాడు, నోట్లో బ్రష్షుతో. చూశాడు. బ్రష్షు తీసి, నురగ ఉమ్మి, "వదినా, ఎవరో చెట్లెక్కి దులిపేశారు" అన్నాడు.

"నూట ముప్పై చెట్లా?"

"పదిమంది వచ్చుంటారు."

"వచ్చినవాళ్లు ఎత్తుకుపోరా? కష్టపడి దులిపి, మనకే వదిలేసి పోతారా?"

మరిది ఆలోచించాడు. ఆలోచన అలవాటు లేని మొహం కాబట్టి కాస్త ఎర్రబడింది. "అంటే మందే రాల్చిందా? రాలకుండా కదా కొట్టించాం! కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక..."

"సామెతలు తర్వాత. చొక్కా వేసుకో."

ఆమె చూపు అప్పటికే బాట దాటి పడమటి సగం మీదికి వెళ్లింది. అక్కడ మరో నూట ముప్పై చెట్లు కొమ్మలు వంగేంత కాపుతో ఉన్నాయి. అదే మందు ఆ సగానికి కొట్టే వంతు రేపు ఉదయం ఆరింటికి.

మనిషి చరిత్రలో మూడు గొప్ప మలుపులు ఉన్నాయి: నిప్పు, చక్రం, వృక్ష హార్మోన్ల అనుమతుల కార్యాలయం. (మొదటి రెండింటినీ ఏ ఫారమూ నింపకుండా మొదలుపెట్టడం వల్లే ఇన్ని ప్రమాదాలు జరుగుతున్నాయని మూడోదాని వార్షిక నివేదికలో ఉంది.)

చెట్లు హార్మోన్లను తమలో తామే తయారు చేసుకుంటాయి. వేరు ఎటు పోవాలో, మొగ్గ ఎప్పుడు విచ్చాలో, కాయ ఎప్పుడు పండాలో, ఆకు ఎప్పుడు రాలాలో ఆ హార్మోన్లే చెబుతాయి. కోట్ల సంవత్సరాలుగా ఈ వ్యవహారమంతా ఎవరి సంతకమూ లేకుండా సాగిపోతోందని ఒకనాడు పెద్దలకు తెలిసింది. నిర్ఘాంతపోయారు. చెట్టు లోపల జరిగేదాన్ని ఆపడం వాళ్ల వల్ల కాలేదు (ప్రయత్నం జరిగింది; నోటీసులు అందుకున్న చెట్లు జవాబివ్వలేదు). కనీసం రైతు బయటి నుంచి ఇచ్చే హార్మోన్లనైనా అదుపులో పెడదామని నిశ్చయించి ఆఫీసు తెరిచారు. కొమ్మకు వేళ్లు పుట్టించే పొడికి ఒక సెక్షను, ద్రాక్షగింజను సాగదీసే మందుకు ఒక సెక్షను, అనాసతోటంతా ఒకేసారి పూయించే మందుకు ఒక సెక్షను, కాయను త్వరగా పండించే మందుకు ఒక సెక్షను. (ఈ చివరి సెక్షనులో ఫైళ్లు మాత్రం ఇంకా పచ్చిగానే ఉన్నాయి.)

పెద్దకోడలి ఇంటికి ఈ ఆఫీసు కొత్త కాదు. పిందె కట్టాక కొన్ని కాయలు రాలిపోవడం నారింజకు మామూలే. ఏటా ఆ సమయానికి మామగారు ఒక తెల్లకాగితం మీద "వంద లీటర్ల నీటికి రెండు గ్రాములు" అని రాసిచ్చేవాడు. అగ్గిపెట్టెలో పట్టేంత పొట్లం వచ్చేది. కొట్టేవారు. రాలడం ఆగేది. అందరూ సుఖంగా ఉండేవారు. అందుకే ఈ ఏడు పద్ధతి మార్చారు.

కొత్త ఫారం వచ్చింది. మందు లీటరుకు ఎన్ని గ్రాములో రాయమంది. పెద్దకోడలు లెక్క వేసి 0.02 అని గుండ్రంగా రాసింది. మామగారు కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు సరిచూశాడు. ఫారంతో పాటు యాప్ కూడా వచ్చింది. ప్రతి చెట్టూ అందులో ఫోటో దిగి నమోదు కావాలి. ఆ యాప్‌ను పింఛన్ల శాఖ నుంచి ఉన్నదున్నట్టు తెచ్చుకున్నారు కనుక, ఫోటో తీసే ముందు "దయచేసి కళ్లు ఆర్పండి" అని అడిగేది. నలభై చెట్లు గాలికి ఆకులు కదిలించి ఎలాగో గట్టెక్కాయి. నలభై ఒకటో చెట్టు దగ్గర గాలి పడిపోయింది. గంటన్నర ఎదురుచూసిన మరిది, విసిగి, కొమ్మల మధ్యలోకి తల దూర్చి రెండుసార్లు కళ్లు ఆర్పాడు. యాప్ సంతోషించి పచ్చగుర్తు వేసింది.

ఇక మందు సంగతి. దాన్ని ఆఫీసు మనిషే తెచ్చి, కలిపి, కొట్టాలి. ఆ సేపూ రైతు యాభై అడుగుల దూరంలో నిలబడాలి (దగ్గరుంటే సలహాలిస్తాడని). మంజూరైన మందును కొట్టించుకోవడం రైతు విధి. వద్దంటే తొమ్మిదో నియమం ప్రకారం అది హార్మోను ధిక్కారం. తోట పంపుకు మూడేళ్లు సీలు. మూడేళ్లు నీళ్లు లేని తోటను తోట అనరు, వంటచెరకు అంటారు.

కొట్టించుకుంటే కాపు పోతుంది. వద్దంటే చెట్లే పోతాయి. మెలితిరిగిన కొమ్మ ఒకటి విరిచి పట్టుకుని, మరిదిని వెంటబెట్టుకుని, పెద్దకోడలు మొదటి బస్సెక్కింది.

ఆఫీసు గేటు దగ్గర మొహాలు చూసే యంత్రం ఉంది. పెద్దకోడలి మొహాన్ని అది మూడు కోణాల్లో చూసి పెదవి విరిచి, "గుర్తు తెలియని మహిళ" అని చీటీ ఇచ్చింది. మరిది మొహం కనిపించగానే మాత్రం టక్కున చీటీ ఉమ్మింది: "స్వాగతం, నారింజ చెట్టు, నంబరు 41, తూర్పు సగం."

కాపలాదారు చీటీ చదివి, మరిదిని పైనుంచి కిందిదాకా చూశాడు. యంత్రాన్ని శంకించడం అతని ఉద్యోగంలో భాగం కాదు. "వెళ్లొచ్చు. కానీ లోపల పాతుకుపోకూడదు" అన్నాడు.

"ఇప్పటికే పాతుకుపోయినవాళ్లు పోగా చోటుంటే కదన్నా!" అంటూ మరిది చీటీని చొక్కాజేబుకు గుచ్చుకున్నాడు.

వరండా గోడల నిండా ఉత్తర్వులు అంటించి ఉన్నాయి. పెద్దకోడలు ఒకటి చదవబోయింది. మొదలైంది కానీ ఆగడం లేదు. ఒక వాక్యం ఇంకో వాక్యంలోకి జారిపోతోంది, అది మూడోదాంట్లోకి. నాలుగో వరుసకు ఊపిరాడక వదిలేసింది. ప్రభుత్వభాష అంతే కాబోలు అనుకుంది.

మొదటి గది పరిశీలన సెక్షను. ఏ కాగితమైనా ముందు అక్కడ ఆగి, "శుభ్రం" అనే ముద్ర వేయించుకుని లోపలికి పోవాలి. బల్ల వెనక పెద్ద వయసు గుమాస్తా కూర్చుని, అరచేయంత భూతద్దంలోంచి ఏదో కాగితాన్ని చూస్తున్నాడు. బల్ల మీద బ్లేడుముక్క, మెత్తటి రబ్బరు, దుమ్ము ఊడ్చే చిన్న కుంచె వరసగా పేర్చి ఉన్నాయి. ఆఫీసంతా ఆయన్ని భూతద్దం బాబాయి అంటుంది. వచ్చినవాళ్లకు కుర్చీ చూపించే మనిషి ఆ భవనంలో ఆయనొక్కడే.

"రామ్మా, కూర్చో. ఎండనపడి వచ్చావు" అన్నాడు. మరిది జేబు మీది చీటీ చదివి, కూజా అందుకుని గ్లాసు నింపాడు. "ముందు చెట్టుకి పోద్దాం."

పెద్దకోడలు సంగతంతా చెప్పింది. ఆయన భూతద్దం బల్ల మీద పెట్టేశాడు. కళ్లు నిజంగానే చెమర్చాయి. "నూట ముప్పై చెట్లా! అయ్యో తల్లీ. మందు కలిపినవాణ్ని అడిగావా? వెనక గిడ్డంగిలో ఉంటాడు. గట్టిగా అడుగు, మెత్తగా అడిగితే అతనికి వినపడదు."

మందు మనిషి గిడ్డంగిలో తక్కెడ ముందు కూర్చుని నడుముకు ఏదో పూసుకుంటున్నాడు. పెద్దకోడలు గట్టిగానే అడిగింది.

"కాగితంలో ఏముంటే అది కలిపానమ్మా. రెండంటే రెండు" అన్నాడతను.

"రెండు గ్రాములు. ఎన్ని లీటర్లకి?"

"ఎన్ని లీటర్లకేంటి, లీటరుకి. డ్రమ్ముకి రెండొందల లీటర్లు. అంటే నాలుగొందల గ్రాములు. మీ తోటకి ఆరు డ్రమ్ములు. ఆ సంచి మోసే నా నడుం పట్టేసింది."

పెద్దకోడలు వేళ్ల మీద లెక్క వేసుకుంది. మరిది అందుకున్నాడు. "ఎన్నేళ్లుగా కొడుతున్నావన్నా ఈ మందు?"

"పద్దెనిమిదేళ్లు."

"ఇదివరకు అగ్గిపెట్టెలో తెచ్చేవాడివి కదా. ఈసారి సంచి ఇస్తే అనుమానం రాలేదా?"

"వచ్చింది."

"మరి?"

"ఫారంలో అనుమానానికి గడి లేదు తమ్ముడూ."

తన తప్పు లేదని రుజువు చేయడానికి మంజూరు కాగితం తీసి చూపించాడు. నిజమే, లీటరుకు 2 అనే ఉంది. అది యాప్ అచ్చువేసిన కాగితం. పరిశీలన దాటి వచ్చిన ఫారంలో 002 అని కనిపించిందట, ముందున్న సున్నాలకు విలువ లేదని యాప్ వాటిని తీసేసిందట. (ముందు నిలబడినవాళ్లకు విలువ లేదనుకోవడం ఆ ఆఫీసులో యాప్ ఒక్కదానికే ఉన్న అలవాటు కాదు.)

"నేను రాసింది సున్నా పాయింటు సున్నా రెండు!" అంది పెద్దకోడలు.

"పాయింటు నా దాకా రాలేదమ్మా. వస్తే నేనెందుకు దాచుకుంటాను?"

గిడ్డంగి పక్కనే ప్రయోగశాల. అందులో తెల్లకోటు వేసుకున్న అమ్మాయి ఒక్కతే ఉంది. ఆ భవనంలో హార్మోన్ల గురించి తెలిసిన మనిషి ఆమె ఒక్కతే కావడంతో ఆమెను ఎవరూ ఏమీ అడగరు. పెద్దకోడలి చేతిలోని మెలితిరిగిన కొమ్మను చూడగానే, "ఎంత కొట్టారు?" అంది.

"లీటరుకి రెండు గ్రాములు."

ఆ అమ్మాయి కుర్చీలోంచి లేచి నిలబడింది. ఎవరో చచ్చిపోతే నిలబడినట్టే, ఆ చెట్ల కోసం నిలబడింది.

"చూడండక్కా. కాయ తొడిమ మొదట్లో సన్నటి పొర ఉంటుంది. కాయలోంచి ఆక్సిన్ అనే హార్మోను తొడిమలోకి దిగుతున్నంత సేపూ ఆ పొర గట్టిగా పట్టుకుని ఉంటుంది. అది తగ్గితే పొర తెగుతుంది, కాయ రాలుతుంది. అందుకని అలాంటి మందే బయటి నుంచి చిటికెడు ఇస్తాం. లీటరుకి పాయింటు సున్నా రెండు. చాలు, కాయ నిలుస్తుంది. అదే మందు ఎక్కువైందా, చెట్టు బెదిరిపోయి ఇథిలీన్ అనే ఇంకో హార్మోను పుట్టిస్తుంది. అది ఆ పొరల్ని తెగ్గోసేస్తుంది. కాపు మరీ ఎక్కువైన తోటల్లో కాయల్ని పల్చన చెయ్యడానికి ఇదే మందుని కాస్త మోతాదు పెంచి కొడతారు. మీకు పడింది నూరు రెట్లు. కొన్ని కలుపుమందులు కూడా ఈ జాతివే."

"నిలబెట్టేదీ ఇదే, రాల్చేదీ ఇదేనా?" అన్నాడు మరిది. "అచ్చం మా పెద్దన్నయ్యే."

"నోరు ముయ్యి" అంది పెద్దకోడలు. "అమ్మాయ్, ఈ ముక్క కాగితం మీద రాసివ్వగలవా?"

"రాస్తాను. కానీ డైరెక్టరుగారు అడిగితేనే రాయాలి. ఆయన అడిగినట్టు నాకు చేరడానికి ఇరవై రోజులు, నేను చెప్పినట్టు ఆయనకు చేరడానికి పాతిక. నేను ఇప్పుడు చెప్పింది నలభై ఐదు రోజుల తర్వాత నిజమవుతుంది."

"పడమటి సగానికి రేపు పొద్దున్నే కొడతారు."

ఆ అమ్మాయి వెళ్లి తలుపు దగ్గరగా వేసింది. తర్వాత గొంతు తగ్గించి అంది. "పాయింటు ఎక్కడ పోయిందో పట్టుకోండక్కా. మీ చేతిలోంచి బయల్దేరింది, యాప్‌కి చేరలేదు. మధ్యలో ఎవరో ఉన్నారు."

డైరెక్టరుగారు మర్యాదస్తుడు. తల ఎత్తకుండానే కూర్చోమన్నారు. కుర్చీలు లేవు.

"కాయ రాలుతోందని దరఖాస్తు పెట్టుకున్నారు. మందు ఇచ్చాం. ఇప్పుడు తూర్పు సగంలో కాయ రాలుతోందా?"

"రాలడానికి ఏముందండీ అక్కడ? అన్నీ రాలిపోయాయి."

"రాలుతోందా, లేదా?"

"...లేదండీ."

"అంటే రాలుడు ఆగింది." ఆయన ఏదో రాసుకున్నారు. "ఈ ఏడాది మందు పడిన తోటలన్నిట్లోనూ ఇదే ఫలితం. రాలుడు ఫిర్యాదులు సున్నా. ఇంత గొప్ప సంవత్సరం ఈ ఆఫీసు చరిత్రలో లేదు. పైవాళ్లు నాకు శాలువా కప్పుతామన్నారు."

పెద్దకోడలు నోరు తెరిచింది. అందులోంచి ఏం వస్తుందో తెలిసి మరిది ముందుకు జరిగాడు. "సార్, మేం ఫిర్యాదు చేస్తున్నాం కదండీ."

"మీరు చెయ్యకూడదు. మందు ఎవరి మీద పడిందో వాళ్లే చెయ్యాలి. పదహారో నియమం."

మరిది జేబు మీది చీటీ తీసి బల్ల మీద పెట్టాడు.

డైరెక్టరుగారు మొదటిసారి తల ఎత్తారు. చీటీ చదివారు. మొహం చూశారు. యాప్ తెరిచి నలభై ఒకటో నంబరు ఫోటో చూశారు. ఆకుల మధ్యలో ఆ కళ్లే ఉన్నాయి. ఆయన కలం మూత తీశారు. (నియమం ముందు ఆయన ఎవరినైనా సమానంగా చూసేవారు, ఆ సమానత్వం చెట్ల దాకా పోవడం మాత్రం ఇదే మొదలు.)

"మందు పడినప్పుడు మీకు ఎలా అనిపించింది?"

"తుమ్మొచ్చిందండీ."

"తర్వాత?"

"మర్నాటికి ఒళ్లంతా మెలితిరిగింది. మూడో రోజుకి పిల్లలు రాలిపోయారు." నవ్వుతూ మొదలుపెట్టిన మరిది ఆ మాట దగ్గర నవ్వడం మానేశాడు. ఆ చెట్లకు పాదులు తవ్వింది అతనే.

"నమోదు చేశాను. విచారణ మొదలైంది" అన్నారు డైరెక్టరుగారు. "కానీ ఒక సంగతి. తప్పును సరిదిద్దాలంటే తప్పు చేసినవాడు ఉండాలి. చేసినవాడు లేని తప్పు తప్పు కాదు. సాయంత్రం ఐదు లోపల ఆ మనిషి తన చేత్తో ఒప్పుకోలు రాసివ్వాలి. అందులో ఏ అంకె ఉంటే రేపు పడమటి సగానికి ఆ అంకే. అందులో అక్షరం కూడా నేను మార్చను."

"నా ఫారం ఒకసారి చూడొచ్చాండీ?"

"చూడొచ్చు. ముట్టుకోకూడదు."

మూడు ముప్పావు అయింది. బంట్రోతు ఫారం తెచ్చి కిటికీ దగ్గర పట్టుకున్నాడు. పెద్దకోడలు వంగి చూసింది. తన రాతే. 0, కాస్త ఎడం, 02. ఆ ఎడంలో ఏమీ లేదు. కొట్టివేత లేదు, సిరా మరక లేదు. పాయింటును ఎవరో అక్కడ ఎప్పుడూ పుట్టనట్టు మాయం చేశారు.

అప్పుడు కిటికీలోంచి ఎండ కాగితం వెనక్కి వచ్చింది. ఆ ఎడంలో ఆవగింజంత వెలుతురు మెరిసింది. అక్కడ కాగితం పల్చబడి ఉంది.

ఆమె చూపు ఫారం కింద అచ్చువేసిన నిబంధనల మీదికి జారింది. ప్రతి వాక్యం చివరా అలాగే ఆవగింజంత వెలుతురు. కాగితమంతా చుక్కల ఆకాశంలా ఉంది.

"పద" అంది మరిదితో.

"ఎక్కడికి?"

"మనకి మంచినీళ్లిచ్చిన చోటికి."

భూతద్దం బాబాయి బ్లేడుముక్కతో ఒక కాగితాన్ని అతి సుతారంగా గీకుతున్నాడు. పసిబిడ్డకు గోళ్లు తీస్తున్నంత జాగ్రత్తగా ఉంది ఆ చెయ్యి. వాళ్లను చూసి నవ్వాడు. "దొరికాడామ్మా?"

"దొరికాడు బాబాయిగారూ. నా పాయింటు ఏం చేశారు?"

"ఏ పాయింటు?"

"సున్నాకి, సున్నా రెండుకి మధ్యలో పెట్టాను. చుక్క."

"ఓ, చుక్కా! తీసేశాను" అన్నాడు ఆయన, చీర కుచ్చిళ్లకు అంటిన గడ్డిపరక తీసేశాను అన్నంత మామూలుగా. "చుక్కలన్నీ తీసేస్తాను తల్లీ. నా ఉద్యోగమే అది."

ఇరవై రెండేళ్ల కిందట ఒక ఈగ ఈ ఆఫీసులోకి వచ్చింది. ఎవరి ఫారం మీదో, 1కి 5కి మధ్యలో కాసేపు కూర్చుని, తన గుర్తొకటి పెట్టి వెళ్లిపోయింది. పదిహేను గ్రాముల మందు ఒకటిన్నర గ్రాము అయింది, ఒక ద్రాక్షతోట గింజ సాగక పోయింది. పెద్ద గొడవైంది. ఈగను పట్టుకోలేకపోయారు. ఉత్తర్వు వేశారు: కాగితాల మీది చుక్కలన్నిటినీ పరిశీలన సెక్షను తొలగించవలెను.

"ఈగ పెట్టినవే కదండీ తియ్యాలి!" అంది పెద్దకోడలు.

"ఏది ఈగ పెట్టిందో, ఏది మనిషి పెట్టాడో నాకెలా తెలుస్తుందమ్మా? నేను ఈగల నిపుణుణ్ని కాను. ఆ పోస్టు మంజూరైంది గానీ ఎవరూ చేరలేదు. అందుకని అన్నీ తీస్తాను. కామాలు మాత్రం తియ్యను. తోక ఉన్నవి ఈగలు పెట్టలేవు."

"ఇన్నేళ్లూ ఎవరికీ ఏమీ కాలేదా?" అన్నాడు మరిది.

"ఇన్నేళ్లూ ఎవరూ అంకెల మధ్య చుక్క పెట్టలేదు బాబూ. వంద లీటర్లకి ఇంత అని రాసేవారు. కొత్త ఫారం వచ్చాకే అందరూ చుక్కలు పెట్టడం మొదలుపెట్టారు. ఈగలు పెరిగాయేమో అనుకున్నాను."

పెద్దకోడలు కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది. అరవలేదు. తూర్పు సగంలో కాలి కింద కాయలు దొర్లిన సంగతి చెప్పింది. పడమటి సగంలో ఒక్కో కొమ్మకు ఎన్ని ఉన్నాయో చెప్పింది. రేపు ఉదయం ఆరింటికి సంచి వస్తుందని చెప్పింది. చెబుతున్నంత సేపూ ఆయన చేతిలోని బ్లేడుముక్క కదల్లేదు.

"నా మీద ఇంతవరకు ఒక్క మాట లేదమ్మా" అన్నాడు చివరికి. "ఇంకో ఏడు నెలల్లో దిగిపోతున్నాను. నేను ముద్ర వేసిన కాగితంలో మరక ఉందని ఎవరూ అనలేదు."

"తెలుసు బాబాయిగారూ."

"ఒప్పుకుంటే మాట పడుతుంది."

"ఒప్పుకోకపోతే నా తోట పోతుంది."

ఆయన గోడ గడియారం చూశాడు. నాలుగూ ఇరవై. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. సొరుగులోంచి తెల్లకాగితం తీసి, అంచులు సరిచేసి, రాయడం మొదలుపెట్టాడు. ముత్యాల్లాంటి రాత. ఏదీ దాచలేదు. ఎవరి మీదా నెట్టలేదు. పెద్దకోడలు బల్ల ఇవతలి నుంచి తలకిందులుగా చదువుతూనే ఉంది. 0.02 అన్న చోట పాయింటును ఆయన ఎంత స్పష్టంగా, ఎంత నల్లగా పెట్టాడంటే, ఆమెకు అక్కడే ఏడుపు వచ్చింది.

మరిది కూడా చూశాడు. "బాబాయ్, నువ్వు మనిషివి" అన్నాడు. ఆ రోజంతా చెట్టుగా తిరిగినవాడు ఇవ్వగల పెద్ద మెప్పు అది.

సంతకం చేసి ఆయన లేచాడు. "డైరెక్టరుగారి దగ్గరికి పోయే ఏ కాగితానికైనా నా ముద్ర ఉండాలి. ముద్ర వేసేటప్పుడు బయటివాళ్లు ఉండకూడదు. ఒక్క పావుగంట వరండాలో కూర్చోండి."

వాళ్లు వరండాలో కూర్చున్నారు. పెద్దకోడలు ఇంటికి ఫోను చేసి, "మామయ్యగారూ, పడమటి సగం నిలిచింది" అని చెప్పింది. అవతల ముసలాయన చాలాసేపు ముక్కు చీదుకున్నాడు. మూసిన తలుపు వెనక నుంచి సన్నగా చర్ర్, చర్ర్ అని ఏదో శబ్దం వచ్చింది. సంతోషంలో ఉన్న మనిషికి ఏ శబ్దమైనా పాటలాగే ఉంటుంది.

తలుపు తెరుచుకుంది. భూతద్దం బాబాయి కాగితం మడిచి, కవరులో పెట్టి, రెండు చేతులతో అందించాడు. "ఎంత పెద్ద తప్పు చేసినా పని మాత్రం పద్ధతిగా చెయ్యాలి తల్లీ. వెళ్లు, టైమవుతోంది."

అయిదుకు నాలుగు నిమిషాలుండగా డైరెక్టరుగారు కవరు విప్పారు. ముద్ర చూశారు, సంతకం చూశారు. మందు మనిషిని పిలిపించి పక్కన నిలబెట్టుకున్నారు. "ఇందులో ఏముంటే రేపు అదే కలుపు" అన్నారు. మందు మనిషి నడుం పట్టుకుని తలూపాడు. పెద్దకోడలు చేతులు కట్టుకుని నిలబడింది. డైరెక్టరుగారు గొంతు సవరించుకుని, ఎక్కడా ఆగకుండా, ఆగడానికి ఎక్కడా చోటు లేక, ఒక్క ఊపిరిలో చదివారు:

"పరిశీలన గుమాస్తానైన నేను, ఎవరి బలవంతమూ లేకుండా, నా ఇష్టపూర్వకంగా రాసి ఇస్తున్న ఒప్పుకోలు ఏమనగా ఈ తోట యజమానురాలు తన ఫారంలో లీటరుకు 002 గ్రాములు అని సరిగ్గానే రాసింది, ఆమె రాసిన 002 ను నేనే నా చేత్తో 002 గా మార్చాను, అందువల్ల 002 గ్రాములు పడవలసిన చెట్ల మీద 002 గ్రాములు పడి కాయలన్నీ రాలిపోయాయి ఈ తప్పు పూర్తిగా నాదే, మందు కలిపిన మనిషిది కాదు, యాప్‌ది కాదు, ఆ తల్లిది అసలే కాదు రేపు ఉదయం పడమటి సగానికి పొరపాటున కూడా 002 కలపవద్దని, ఆమె మొదట కోరినట్టు 002 మాత్రమే కలపవలసిందని చేతులు జోడించి వేడుకుంటున్నాను ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో నేను చేసిన తప్పు ఇదొక్కటే, ఈ కాగితాన్ని కూడా నేనే అద్దం పెట్టి మూడుసార్లు పరిశీలించాను, దీని మీద ఎక్కడా ఒక్క మచ్చ లేదని ధ్రువీకరిస్తున్నాను"